మానుట వేఱు, మారుట వేఱు



కార్తీకము ప్రవేశించినదనగా మన అనంతపురము సీమలో పల్లె పల్లెన నల్లని వస్త్రములు, తులసి మాలలు కనబడును. అప్పటికి వేరుసెనగ కాయ ఇల్లు చేరి యుండును. వానలు ముఖము చాటువేసిన యేడు కాయ లేక వట్టి కట్టె మాత్రమే చేరి యుండును. ఏది యేమైనను అయ్యప్పస్వామి దీక్ష మాత్రము ఆగదు. ఇరువది సంవత్సరములుగా సాయంకాలమైన తోడనే అంగడి దారి పట్టిన మనుష్యుడు, మాల మెడలో పడిన దినము మొదలు 41 దినములు మద్యమును చేతితోనైనను తాకడు. తెల్లవారుజామున చన్నీటి స్నానము, నేలమీద పరుండుట, పాదరక్షలు లేని నడక, భజన. వీనిలో దేనికిని లోపము రానీయడు. ఇంటివారు ఆశ్చర్యపడుదురు. భార్య మనస్సులో దేవునికి వేయి దండములు పెట్టుకొనును.

తరువాత శబరిమల యాత్ర జరుగును. ఇరుముడి సమర్పణము ముగియును. ఊరు చేరి మాల తీయుదురు. ఆ మరునాటి సాయంకాలము రచ్చకట్ట మీద పాత స్నేహితుడు పలుకరించును: "ఏం మామా, మాల తీసేస్తివి కదా, ఇంగేమి?" ఆ ఒక్క మాటతో 41 దినముల తపస్సు గంగపాలగుట మనము ఎన్నిమార్లు చూడలేదు?

దీనిని చూచి నవ్వువారు కలరు. దీక్షయే వట్టి వేషమని తీర్పు చెప్పువారును కలరు. నాకు అది న్యాయముగా తోచదు. 41 దినములు మానగలిగినవానికి మానుట చేతగాదని ఎవ్వరును అనజాలరు. కావున విచారింపవలసినది వేరొకటి. ఆ 41 దినములు అతనియొద్ద ఉండి, 42వ దినమున లేకపోయినది ఏమి?

మాల అందురేమో. తులసి పూసలకు మహిమ కలదు, కాదనను. అయితే మాలతోపాటు ఏమేమి వచ్చినవో గమనింపుడు. ఊరంతయు అతనిని "స్వామీ" అని పిలిచినది. నిన్నటి వరకు తండ్రి అడుగుల చప్పుడు వినగానే మూలకు ఒదిగిన బిడ్డలు "స్వామీ, భోజనమునకు రండి" అని పిలిచినారు. అప్పు ఇచ్చిన ఆసామి సైతము ఆ దినములలో కటువుగా మాటాడలేదు. సాయంకాలము ఏడు గంటలకు ఎక్కడ ఉండవలెనో, ఎవరితో ఉండవలెనో, ఏమి చేయవలెనో నిశ్చయమై యున్నది. అన్నిటికంటె ముఖ్యముగా, తాను ఎవరని అడిగినచో చెప్పుకొనుటకు ఒక ఉత్తరము దొరకినది. మాల తీసిన దినమున ఇవన్నియు ఒక్కసారిగా పోయినవి. అదే అరుగు, అదే అప్పు, అవే పాత పేర్లు. చూపు మారిన 41 దినములు మద్యము దూరముగా నిలిచినది. చూపు పాత చోటికి రాగానే కాళ్లును పాత చోటికే నడచినవి.

శ్రీమద్భగవద్గీత ద్వితీయాధ్యాయమున, స్థితప్రజ్ఞుని లక్షణములు చెప్పు సందర్భమున, భగవానుడు ఈ విషయమునే మిక్కిలి సూక్ష్మముగా చెప్పియున్నాడు. విషయములకు దూరముగా ఉపవాసమున్నవానినుండి విషయములు తొలగిపోవును గాని, వానియందలి రుచి తొలగిపోదట. అంతకంటె ఉత్తమమైనదానిని దర్శించినప్పుడు మాత్రమే ఆ రుచియు వదలునని ఆ బోధ. ఇచట రెండు మెట్లు ఉన్నవి. మొదటిది వస్తువును విడుచుట. రెండవది దానికంటె పెద్దదానిని చూచుట. మనము సాధారణముగా మొదటి మెట్టు మీద నిలువబడి శిఖరము చేరితిమని కొబ్బరికాయ కొట్టుదుము.

ఆ అధ్యాయముననే పతనము ఎట్లు కలుగునో వరుసగా చెప్పబడినది. మొదట విషయమును తలపోయుట, దానివలన సంగము, సంగమువలన కోరిక, అది తీరనప్పుడు కోపము, దానినుండి మోహము, స్మృతినాశము, బుద్ధినాశము. త్రాగుడు మానినవారు ఈ వరుసను కంఠస్థము చేయుట మంచిది. ఇందు అంగడి ఎక్కడను లేదు! అంగడికి కాళ్లు పోవుట చిట్టచివరి సంగతి. మనస్సు అక్కడికి పోయి, కూర్చుండి, ముచ్చటలాడి వచ్చి ఎన్ని దినములైనదో! "నాకిపుడు ఏ చింతయు లేదు, ఒక్కమారు త్రాగినచో ఏమగును?" అను తలపు పుట్టిన చోటనే జాగరూకత అవసరము.

రుచి ఉండగా వస్తువును మాత్రము తొలగించినచో ఏమగునో మహాభారతము మౌసల పర్వమున చూపినది. మునుల శాపమున పుట్టిన ముసలమును పొడిచేసి సముద్రమున కలిపిన పిమ్మట, ద్వారకలో ఇకమీదట ఎవ్వరును సురను తయారు చేయరాదనియు, చేసినవానిని బంధువులతో కూడ శూలమునకు వేయుదురనియు చాటింపు వేసినారు. రాజుగారి పేరున, బలరామకృష్ణుల పేరున జరిగిన చాటింపు అది. అంతకంటె గట్టి శాసనము ఏ ప్రభుత్వము చేయగలదు? యాదవులు భయపడి మానినారు. తరువాత ప్రభాస తీర్థమునకు పోయినపుడు, సాక్షాత్తు వాసుదేవుడు చూచుచుండగనే, మరల త్రాగినారు. సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచినాడు. నిద్రించువారిని చంపినవాడవని ఒకరు, చేయి తెగి కూర్చున్న భూరిశ్రవసుని చంపినవాడవని మరియొకరు. కురుక్షేత్రము ముగిసి 36 ఏండ్లయినను ఆ కోపములు లోపల ఆరలేదు. మద్యము వానికి మూత తీసినది, అంతే. తుంగలే ముసలములైనవి, వంశము నశించినది. శ్రీకృష్ణ భగవానుని ఎదుటనే ఇట్లు జరిగినదన్నచో, మనస్సు మారనిచో సత్సన్నిధియు చాలదని వ్యాసభగవానుడు మనకు చెప్పదలచినట్లు నాకు తోచును.

మన కాలపు సంగతికి వత్తము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చు స్త్రీలు సారాయి అంగడిని మూయించినారు. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొన్నది. సారాయి పాటలు సాగనీయలేదు. ప్యాకెట్ల బస్తాలను నడివీథిన తగులబెట్టినారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది. 1995 జనవరి 16 నుండి శ్రీ నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును అమలు పరచినది. 1997లో దానిని సడలించినారు. అటు పిమ్మట 2019 అక్టోబరులో మద్యపు అంగళ్లను ప్రభుత్వమే నడుపుటకు పూనుకొన్నది. 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి పోయినవి. శాసనము వచ్చును, పోవును. అందుచేత శాసనము వ్యర్థమని నేను చెప్పుట లేదు. ఆ తల్లుల పోరాటము లేనిచో ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలిగెడిది కాదో! కూలి డబ్బు ఇల్లు చేరుట ఏమో ఆ దినములలోనే తొలిసారి చూచిన స్త్రీలు కలరు. అయితే శాసనము మనుష్యునికి కొంత వ్యవధి నిచ్చును. ఆ వ్యవధిలో చూపును మార్చుకొనుట అతని పని. కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరమున నుండు మన జిల్లావారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మానినవాని కష్టమును కొంత ఆలోచింతము. ఉపన్యాసములలో ఇది సాధారణముగా రాదు. మద్యము విడిచిన తోడనే జీవితము నందనవనమగునని చెప్పుట మాకు అలవాటు. నిజము అట్లు కాదు. మత్తు వీడినవానికి మొట్టమొదట కనబడునది అప్పు. మనది పీఠభూమి. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తీరమునందే తమ బలమును పోగొట్టుకొనును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు ఎప్పుడు పడునో చెప్పలేము. కొఱ్ఱ, సజ్జ, జొన్న పండిన ఎఱ్ఱనేలలలో వేరుసెనగ ఒక్కటే నమ్ముకొని తరములు గడచినవి. ఊడలు దిగు సమయమున వాన తప్పినచో పెట్టుబడి మట్టిపాలు. బోరు వేయించి నీరు పడనిచో రెండవ అప్పు. ఇన్ని దినములు ఇదంతయు మత్తు తెర వెనుక మసకగా ఉన్నది. ఇప్పుడు తెర తొలగినది. ఎండిన చేను, పెండ్లికి ఎదిగిన కుమార్తె, తాకట్టులో నున్న భార్య పుస్తెలు, బిడ్డల కన్నులలో ఇంకను వదలని బెదురు. వీనిని స్పష్టముగా చూచుట ఎంత కఠినము! మొదటి సంవత్సరమున మరల జారిపోవువారు సుఖము కోరి జారుటకంటె, ఈ చూపును భరింపలేక జారుటయే ఎక్కువ.

గీత పదునెనిమిదవ అధ్యాయమున సాత్త్విక సుఖము మొదట విషమువలె ఉండి పరిణామమున అమృతమగునని కలదు. ఇంద్రియసుఖము దానికి వ్యతిరేకము. ఈ "మొదట విషము" అను దశను మానినవానికి ముందుగానే తెలియజేయవలెను. తెలియజేయనిచో, "మానినను సుఖము లేదు, మానకున్నను లేదు" అను నిరాశలో పడును.

అదే చేనును, అదే అప్పును వేరొక కంటితో చూచుట సాధ్యమా? సాధ్యమే అని మన సీమ చరిత్రయే చెప్పుచున్నది. కదిరికి సమీపమున, గాండ్లపెంట మండలములో కటారుపల్లె ఉన్నది. 2022 ఏప్రిలులో జిల్లాను విభజించిన పిమ్మట అది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. వేమన యోగి సమాధి అక్కడ కలదు. ఆయన కాలమునుగూర్చి, జీవితమునుగూర్చి పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఆయన పద్యములను సి.పి. బ్రౌను దొర సేకరించి 1829లో అచ్చువేయించినాడు. జనశ్రుతిలోని కథ మాత్రము అందరు ఎరిగినదే: వేశ్యాలోలుడై ఇంటి ధనమును నగలను పోగొట్టుచున్న యువకునికి వదినగారు తిట్టకయే కన్ను తెరిపించినదనియు, అటుపై అభిరాముడను స్వర్ణకారుని మూలమున యోగిని ఆశ్రయించి జ్ఞానియైనాడనియు. ఇది చరిత్రకు నిలుచునో నిలువదో, దీనియందలి ఒక అంశము నాకు విలువైనదిగా కనబడును. వేమన్న చెడు తావును విడిచి ఊరకుండలేదు. అదే ఎఱ్ఱనేల, అవే పల్లెలు, అదే ఎండ. వంటింటి ఉప్పు, వాకిటి కుక్క, మేడిపండు, కాలి చెప్పు. వీనిలో ఆయనకు తత్త్వము కనబడినది. అంతకుముందు ఆ వస్తువులు లేకపోలేదు, వానిని చూచు తీరిక కంటికి లేదు. పైగా తనకు దారి చూపిన మిత్రుని పేరును ఆయన తన పద్యముల మకుటముననే నిలిపినాడని పెద్దలు చెప్పుదురు. కృతజ్ఞత అను గుణము మత్తులో ఉన్నవానికి రాదు. ప్రపంచమంతయు తనకు బాకీ ఉన్నదనియే వాని భావన. "నాకు ఎవరేమి చేసినారు?" అను ప్రశ్న "నా కొఱకు ఎవరెవరు ఎన్ని ఓర్చినారు?" అని మారిన దినమే చూపు తిరిగిన దినము.

ఇచట చెరువు సంగతి చెప్పక తప్పదు. అనంతపురమునకు దగ్గరనున్న బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగుటకు సిద్ధమైనపుడు ముసలమ్మ తన్ను తాను బలియిచ్చుకొన్న కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా రచించినారు. ఆ తల్లికి మనమందరము మ్రొక్కుదుము. కాని చెరువును ఏండ్ల తరబడి నిలిపినవాడు నీరుగంటి. అతని పేరు ఏ కావ్యమునను లేదు. వానకాలపు రాత్రి కంబళి కప్పుకొని కట్టమీద నడచి, ఎక్కడ ఎలుక బొక్క పడినదో, ఎక్కడ ఎండ్రకాయ తొలిచినదో చూచి, పిడికెడు మన్ను పెట్టి త్రొక్కి పోవువాడు అతడు. త్రాగుడు మానుటను మనము ముసలమ్మ త్యాగమువలె ఒక్కనాటి మహాకార్యముగా ఎంచుదుము. దానిని నిలుపుకొనుట మాత్రము నీరుగంటి పని. ఇంకొకటి: ఏ చెరువుకైనను మరువ ఉండవలెను. ఎక్కువైన నీరు పోవు దారి లేనిచో ఎంత గట్టి కట్టయైనను తెగును. కోపము, దుఃఖము, అవమానము నిండినపుడు ఇంతకాలము మద్యమే మరువగా ఉన్నది. దానిని మూసినవాడు వేరొక మరువ కట్టుకొనకున్నచో కట్టకు ముప్పు. మనస్సు విప్పి చెప్పుకొనుటకు ఒక మనిషి, కన్నీరు పెట్టుటకు ఒక దేవుని సన్నిధి, అలసిపోవుటకు ఒక పని, ఈ మూడును కావలెను.

పరదేశమునను ఇదే అనుభవము కలిగినది. 1935లో అమెరికా దేశమునందలి ఆక్రన్ నగరమునకు బిల్ విల్సన్ అను వ్యాపారి పనిమీద వచ్చినాడు. ఆయన త్రాగుడు మాని కొన్ని నెలలే అయినది. వచ్చిన పని చెడినది. హోటలులో ఒంటరిగా నిలిచియుండగా పానశాలలోని సందడి వినవచ్చినది. ఆయన లోనికి పోక టెలిఫోను పట్టి, తనవలె బాధపడుచున్న మరియొక త్రాగుబోతు ఎవరైన ఈ ఊర ఉన్నారా అని వెదకినాడు. అట్లు దొరకినవాడు రాబర్టు స్మిత్ అను వైద్యుడు. వారిరువురి కలయికనుండి ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము పుట్టి దేశదేశములకు వ్యాపించినది. మన దేశమునను నడచుచున్నది. "ఈ ఒక్క దినము త్రాగను" అనుట వారి పద్ధతి. జన్మమంతటికి ప్రతిజ్ఞ చేయరు. ఇది మనకు క్రొత్త కాదు. పూజకు ముందు మనము చెప్పు సంకల్పమును తలచుకొనుడు. సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము అన్నియు చెప్పి, ఈ దినమున, ఈ చోట, నేను ఈ కర్మను చేయుచున్నానని అనుచున్నాము. నిన్నటి సంకల్పము నేటికి చెల్లదు. రేపటిది నేడు చెప్పరాదు. ప్రాతఃకాలమున దీపము ముందు నిలిచి "నేడు" అని చెప్పుకొనువానికి ఇరువది యేండ్ల భారము మోయ పనిలేదు. స్విట్జర్లాండు మనశ్శాస్త్రవేత్త కార్ల్ యుంగ్ 1961లో ఆ విల్సనుకు వ్రాసిన లేఖలో, మద్యపు దాహము అడుగున నున్నది పూర్ణత్వము కొఱకైన ఆత్మ దాహమేయని అభిప్రాయపడినాడు. గీతలోని రుచి ప్రసంగమును ఎరిగిన మనకు ఈ మాట పరాయిదిగా తోచదు.

ఒక హెచ్చరిక. చిరకాలము విస్తారముగా త్రాగినవాడు ఉన్నట్టుండి మానినచో రెండు మూడు దినములలో చేతులు వణకుట, నిద్ర పట్టకుండుట, లేనివి కనబడుట, మూర్ఛలు వచ్చుట కలదు. పల్లెలలో దీనిని గాలి సోకినదనియు, స్వామి ఆగ్రహమనియు తలచి తాయెత్తు కట్టించుట నేటికిని ఉన్నది. ఇది శరీర ధర్మము, ప్రాణాపాయమైనది. అట్టివానిని ముందు వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. మాల వేయుటకు ముందుగానే వైద్యుని సలహా పొందినచో మరింత మంచిది. భారత ప్రభుత్వపు 14446 అను ఫోను సంఖ్యకు ఉచితముగా మాటాడి సలహా పొందవచ్చును. త్రాగుడు దాస్యము ఒక వ్యాధియని నేటి వైద్యశాస్త్రము అంగీకరించినది. వ్యాధికి మందు తీసికొనుట భక్తికి లోపము కాదు.

ఇంటివారి దృష్టియు మారవలసి యున్నది. ఇది చెప్పుటకు కొంత సంకోచము కలదు, ఏలయన ఇన్నేండ్లు బాధపడినవారు వారే. "నీ సంగతి మాకు తెలియదా" అను మాట న్యాయమైనదే. అతడు నమ్మకమును తిరిగి సంపాదింపవలెను గాని అడిగి తీసికొనరాదు. ఏడాది పట్టునో, మూడేండ్లు పట్టునో. అప్పటివరకు ఇల్లాలు డబ్బును తనయొద్దనే ఉంచుకొన్నచో అతడు కినుక వహింపరాదు. ఆమెయు, అతడు ఆలస్యముగా ఇల్లు చేరిన ప్రతి రాత్రి పాతకథనంతయు తిరగదోడకుండుట మేలు. పండుగ దినమున, కాయ అమ్మిన దినమున, దగ్గరివారు మరణించిన దినమున, ఈ మూడు సందర్భములందు అతనిని ఒంటరిగా విడువరాదు.

దేవాలయము చేయదగినదియు కలదు. మాల తీసిన సాయంకాలమే అతనికి ఒక పని అప్పగింపుడు. 41 దినములు భజన జరిగిన ఏడు గంటల వేళకు గుడికి వచ్చి, ప్రమిద తుడిచి, నూనె పోసి, వత్తి వేసి దీపము వెలిగించు పని. గురుస్వామియు తోడి స్వాములును శనివారమునకైనను ఒకమారు అదే భజనను సాగింతురు గాక. అతనిని "స్వామీ" అని పిలుచుట మానకుడు. దీపపు పనికి కావలసిన నూనె డబ్బా, గుడి తాళపుచెవి అతని చేతికే ఇచ్చి పంపుడు.